మోన్సాల్ ట్రెయిల్ మీదకి మళ్లీ రైలు రావాలా?

రైలుబండి:
ఇంగ్లండ్‌ పీక్ డిస్ట్రిక్ట్‌లో మనవాళ్లు వీకెండ్‌కి సైకిళ్లేసుకుని వెళ్లే మోన్సాల్ ట్రెయిల్ ఒకప్పటి డెర్బీ–మాంచెస్టర్ రైలుదారి. 1968లో మూసేశారు. మ్యాట్‌లాక్ నుంచి బక్స్‌టన్ దాకా మళ్లీ పట్టాలు వేయమని కొందరు పోరాడుతున్నారు, నేనూ వాళ్ల వైపే. ఆదివారం ట్రెయిల్ పక్కనున్న బేక్‌వెల్ ఊళ్లో కారు పెట్టుకోడానికి చోటుండదు, బక్స్‌టన్ దగ్గరి క్వారీల రాయి దక్షిణానికి పోవాలంటే ముందు ఉత్తరానికి వెళ్లి చుట్టు తిరిగి రావాలి. ఎనిమిదిన్నర మైళ్ల సైకిల్ సరదా కోసం ఇదంతా వదులుకోవాలా?

నెమ్మది పెడల్:
సరదా అని తీసిపారేయకండి అన్నా. వైజాగ్ నుంచి వచ్చిన మా అమ్మ పెళ్లయ్యాక సైకిల్ ముట్టుకోలేదు, ట్రెయిల్ మీదున్న పాత హాసప్ స్టేషన్‌లో అద్దెకి తీసుకుని ఆవిడ కూడా హాయిగా తొక్కిందంటే అది రైలుకట్ట కాబట్టే, నిట్టనిలువు ఎత్తుల్లేవు, కార్ల భయం లేదు. హెడ్‌స్టోన్ సొరంగంలో బయట ఎంత ఎండున్నా చల్లగాలి మొహానికి కొడుతుంది, పైనుంచి నీటిచుక్క మెడ మీద పడుతుంది, పిల్లలు అరిచి ప్రతిధ్వని వింటూ ఆగిపోతారు, బయటికి రాగానే కాళ్ల కింద వంతెన, లోయలో వై నది. ఆ సొరంగాలు 2011లోనే తెరిచారు. అంతకుముందు వాటి దగ్గర దారి తెగిపోయేది, కొండెక్కి దిగాల్సిందే. మళ్లీ అదే గతి పట్టించమంటారా?

రైలుబండి:
అది డబుల్ లైన్ తమ్ముడూ. ఒక పక్క పట్టా, ఇంకో పక్క సైకిళ్లు పెట్టొచ్చు కదా.

నెమ్మది పెడల్:
బయట సరే, సొరంగంలో? రాళ్లు మోసే డీజిల్ బండి పక్కన, ఆ పొగలో, ఆ మోతలో ఐదేళ్ల పిల్లని తొక్కనిస్తారా మీరు?

షెఫీల్డ్ అక్క:
మ్యాట్‌లాక్ నుంచి బేక్‌వెల్ ఊరి అంచు దాకా రైలు తెచ్చి అక్కడ ఆపేయండి, ట్రెయిల్ మొదలయ్యేది అక్కడే. కారు తీయకుండా సైకిల్‌తో రైలు దిగొచ్చు, ట్రెయిల్ మీది సొరంగాల జోలికి పోనక్కర్లేదు.

రైలుబండి:
పార్కింగ్ గొడవ తీరుతుంది అక్కా, ఒప్పుకుంటా. కానీ మాంచెస్టర్‌కి దారి కలవదు, రాయి చుట్టూ తిరగడం ఆగదు. లైనంటే ఈ చివర నుంచి ఆ చివరకి ఉండాలి.

నెమ్మది పెడల్:
నాకు అక్క మాటే నచ్చింది. బేక్‌వెల్ దాకా అయితే పిటిషన్‌లో నా సంతకం కూడా పెడతా.