స్ప్రే కార్క్ పూత: పెట్టే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా?

పాతఇల్లు:

అందరికీ నమస్కారం. మాది రెండంతస్తుల పాత ఇల్లు. 9 అంగుళాల ఇటుక గోడలు, లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగ్. వేసవిలో పడమటి గోడ ఎంత కాగుతుందంటే, రాత్రి పడుకోబోయే ముందు చెయ్యి ఆనించినా వేడిగానే తగులుతుంది. చలికాలంలో ఉత్తరం వైపు గదిది మరో బాధ. బీరువా వెనక మూలలో మోకాలి ఎత్తు నుంచి పైకప్పు దాకా నల్లటి బూజు పడుతుంది. తుడిస్తే పోతుంది, చలి ముదరగానే మళ్లీ వస్తుంది. ఆ గదిలో మా అమ్మ పడుకుంటుంది. ఆమెకు దగ్గు ఎక్కువైనప్పుడల్లా నా దృష్టి ఆ మూల మీదికే పోతుంది.

బయటి గోడలకు రంగులు వేయిద్దామని ఒక కాంట్రాక్టరును పిలిచాను. ఆయన గోడలన్నీ చూసి, రంగులకు బదులు స్ప్రే కార్క్ వేయించుకోమన్నారు. కార్క్ పలుకులను జిగురులాంటి రెసిన్‌లో కలిపి, గన్‌తో గోడ మీద కొడతారట. వాన నీరు లోపలికి దిగదు, పగుళ్లు కనపడవు, వేసవిలో చల్లగా చలికాలంలో వెచ్చగా ఉంటుంది, కరెంటు బిల్లు సగానికి పడిపోతుంది, పాతికేళ్లపాటు గోడల జోలికి వెళ్లే పని ఉండదు అని చెప్పారు. రెండు పూతలు, మొత్తం 6 మిల్లీమీటర్ల మందం. అడిగిన డబ్బు మామూలు రంగుల ఖర్చుకు మూడింతల పైనే ఉంది.

డబ్బు పెట్టడానికి నేను వెనకాడటం లేదు. కానీ అంత పల్చటి పూత అన్ని పనులు చేస్తుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. వేయించుకున్నవారు గాని, ఈ పని తెలిసినవారు గాని ఉంటే చెప్పగలరా?

ఉష్ణలెక్క:

ఇళ్లలో వేడి ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది అని కొలిచి చెప్పడమే నా వృత్తి. స్ప్రే కార్క్ గురించి ఈమధ్య తరచుగా అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు వస్తువు గురించి. కార్క్ అంటే ఓక్ జాతికి చెందిన ఒక చెట్టు బెరడు. పోర్చుగల్, స్పెయిన్, ఉత్తర ఆఫ్రికాల్లో పెరుగుతుంది. చెట్టును నరకరు. మొదటిసారి బెరడు ఒలిచేసరికి దానికి పాతికేళ్లు వస్తాయి, ఆ తర్వాత కనీసం 9 ఏళ్లకోసారి ఒలుస్తారు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి 'కణాలు' అని పేరు పెట్టినది ఈ బెరడులోని గదులకే. ఒక ఘన సెంటీమీటరులో అలాంటి గదులు కోట్లలో ఉంటాయి. ప్రతి గదిలోనూ గాలి బందీ అయి ఉంటుంది, అందుకే వేడి దాటడం కష్టం. ఇందులో మీ కాంట్రాక్టరు అబద్ధం చెప్పలేదు.

తేడా వచ్చేది మందం దగ్గర. అచ్చమైన కార్క్ పలక ఉష్ణవాహకత, అంటే వేడిని ఎంత సులువుగా దాటనిస్తుందో చెప్పే అంకె, 0.04 దరిదాపుల్లో ఉంటుంది. గన్‌తో కొట్టే మిశ్రమంలో పలుకుల మధ్య గాలికి బదులు రెసిన్ నిండుతుంది కాబట్టి అది పెరుగుతుంది. సరుకును బట్టి మారుతుంది, మనం 0.07 అనుకుందాం. మీ 9 అంగుళాల గోడ ఇప్పుడు చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు సుమారు 2 వాట్ల వేడిని దాటనిస్తుంది. దాని మీద 6 మిల్లీమీటర్ల పూత కొడితే ఆ అంకె 1.7కు దిగుతుంది. అంటే గోడ గుండా పోయే వేడిలో దాదాపు ఏడో వంతు తగ్గుతుంది. పూత 3 మిల్లీమీటర్లే పడితే తగ్గేది పన్నెండో వంతు. అదే గోడకు 50 మిల్లీమీటర్ల కార్క్ పలక అతికిస్తే అంకె 0.6 లోపుకు వస్తుంది, మూడింట రెండు వంతులకు పైగా వేడి ఆగిపోతుంది.

ఇదంతా గోడల వాటాలో మాత్రమే. పైకప్పు, కిటికీ అద్దాలు, తలుపుల సందుల గుండా వచ్చిపోయే వేడిని ఈ పూత ముట్టుకోదు. పైగా ఇంటి కరెంటు బిల్లు మొత్తం చల్లదనానికీ వెచ్చదనానికీ అయ్యేది కాదు. గోడల వాటాలో ఏడో వంతు తగ్గితే మొత్తం బిల్లు సగమెలా అవుతుందో ఆ లెక్క కాగితం మీద రాసివ్వమని అడగండి. రాయలేరు.

పడమటి గోడ సంగతి వేరు. అక్కడ లేత రంగు పూత వేస్తే ఎండ వెనక్కి తిరిగిపోతుంది, గోడ కాగడం తగ్గుతుంది. మీకు నిజంగానే తేడా తెలుస్తుంది. అయితే ఆ పని చేసేది ప్రధానంగా తెలుపు. ఎండను వెనక్కి కొట్టే మంచి తెల్ల రంగు వేసినా ఆ లాభంలో ఎక్కువ భాగం చాలా తక్కువ డబ్బుకు దొరుకుతుంది. ఆ గోడకు నీడ కల్పించగలిగితే ఇంకా మంచిది.

ఇక అమ్మగారి గది. నా దృష్టిలో మీరు ముందు పట్టించుకోవలసింది ఇదే. బయట 0, లోపల 20 డిగ్రీలు, గదిలో తేమ 60 శాతం అనుకోండి. రెండు బయటి గోడలు కలిసే మూలలో గోడ ఉపరితలం 11 డిగ్రీలకు పడిపోవచ్చు. ఆ తేమకు నీరు కట్టే హద్దు 12 డిగ్రీలు, కాబట్టి చల్లటి గ్లాసు మీద పట్టినట్టు గోడకు చెమట పడుతుంది. 6 మిల్లీమీటర్ల పూతతో మూల ఆ 12 డిగ్రీల దగ్గరికి చేరుతుంది, చెమట తగ్గుతుంది. కానీ బూజుకు కారేంత నీరు అక్కర్లేదు. గోడను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే చాలు, పెరుగుతుంది. అలా జరగకుండా ఉండాలంటే గోడ 15 డిగ్రీలకు పైన ఉండాలి. పూత ఒక్కటే అక్కడిదాకా తీసుకెళ్లదు. గదిలో తేమను 60 నుంచి 50 శాతానికి దించితే బూజు పట్టకుండా ఉండే ఆ హద్దు 15 నుంచి 13 డిగ్రీల దగ్గరికి దిగివస్తుంది. గాలి బయటికి లాగే ఫ్యాను ఆ పని చేస్తుంది.

బీరువాను ఇవాళే గోడకు జానెడు దూరం జరపండి. గదిలోని వెచ్చదనం ఆ మూలకు చేరకుండా అడ్డుపడుతున్నది అదే.

గోడపని:

నేను ఈ పూతలు కొట్టేవాడిని. పై లెక్కతో నాకు పేచీ లేదు. ఖర్చు ఎక్కడికి పోతుందో మాత్రం నేను చెప్పగలను.

పెద్ద ఖర్చు డబ్బాలోని సరుకుదే అనుకుంటారు. గోడను సిద్ధం చేయడానికీ, పరంజాకూ, మనుషులకూ అయ్యేది కూడా తక్కువేమీ కాదు. గోడంతా సుత్తి పిడితో తట్టుకుంటూ పోవాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరింగ్ తీసి మళ్లీ కట్టాలి. పాత రంగు పెచ్చులు గీకాలి. నాచు, బూజు మందు పెట్టి కడిగి ఆరనివ్వాలి. కిటికీలు, తలుపులు, గొట్టాలు అన్నింటికీ కాగితం, టేపు అంటించాలి. గన్ నుంచి వచ్చే తుంపర అద్దం మీద ఆరితే వదలదు. తక్కువకు చేస్తామని వచ్చేవాళ్లు కోత పెట్టేది ఈ పనుల్లోనే. పాత రంగు గోడ నుంచి ఊడితే, దాని మీద ఉన్న కార్క్ పూత కూడా దానితోపాటు ఊడివస్తుంది. పూత ఎంత గట్టిదైనా, దాని కింది పొర బలమే దాని బలం. అందుకే మీ పాత రంగు మీద కత్తితో గళ్లు గీసి, గట్టి టేపు అంటించి ఒక్క ఊపున లాగి చూడండి. రంగు టేపుతో వస్తే అదంతా తీయించకుండా పని మొదలుపెట్టనివ్వకండి.

మందం గురించి. రెండు పూతల్లో మామూలుగా పడేది 3 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. 6 కావాలంటే ఇంకా పూతలు పడాలి, ప్రతి పూతా ఆరాకే తర్వాతిది. ఒకేసారి లావుగా కొడితే జారుతుంది, లేదా ఆరేటప్పుడు చీలుతుంది. సరుకు నీటిలో కలిపిందే కాబట్టి నీరు ఆవిరయ్యాక మందం తగ్గుతుంది కూడా. ఒప్పందంలో 'ఆరిన తర్వాత ఇంత' అని రాయించండి. పని జరిగేటప్పుడు ఎన్ని డబ్బాలు ఖాళీ అయ్యాయో లెక్కపెట్టి, గోడ వైశాల్యంతో సరిచూసుకోండి.

ఇన్ని చెప్పినా, సరిగ్గా కొట్టిన పూత చూస్తే నాకు ముచ్చటేస్తుంది. రెసిన్‌కు సాగే గుణం ఉంటుంది, కార్క్ నొక్కితే అణిగి మళ్లీ లేస్తుంది. గోడ ఎండకు పెరిగి చలికి తగ్గుతున్నా వెంట్రుక మందం నెర్రెలు పైకి కనపడవు. వాన నీటిని ఆపుతుంది, లోపలి ఆవిరిని మాత్రం బయటికి పోనిస్తుంది. కాకపోతే దాని మీద ఆవిరిని ఆపే మామూలు రంగు వేస్తే ఆ గుణం పోతుంది. పునాది కదిలి వచ్చిన పగుళ్లను ఏ పూతా ఆపలేదు. నేల నుంచి పైకి పాకే చెమ్మ కూడా దీనితో పోదు. గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగుతుంటే ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

మీ బూజు ఏ రకమో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. ఆ చోట గోడను తుడిచి ఆరనిచ్చి, మూరెడు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో బిగించి కొద్దిరోజులు ఉంచండి. తడి గది వైపు పడితే అది గాలిలో తేమ. షీటు వెనక, గోడ వైపు పడితే చెమ్మ గోడలోనే ఉంది.

రేకులకప్పు:

మా పనిచేసే షెడ్డుకు లోపలి వైపు, రేకుల కింద ఈ పూత వేయించాం. అక్కడ మాత్రం పెట్టిన డబ్బు వృథా పోలేదని గట్టిగా చెప్పగలను. అంతకు ముందు చలికాలం తెల్లవారుజామున రేకు అడుగున నీరు పట్టి చుక్కలు చుక్కలుగా పనిముట్ల మీద పడేది, ఇనుమంతా తుప్పు. ఇప్పుడు చుక్క పడటం లేదు. వాన పడితే ఎదుటి మనిషి మాట వినిపించేది కాదు, ఇప్పుడు మామూలుగా మాట్లాడుకుంటున్నాం. ఓడల్లో ఉక్కు గోడలకు చెమట పట్టకుండా కార్క్ పలుకుల రంగు వేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది, సూత్రం ఇదే. కానీ పక్క గది మాటలు వినపడకుండా ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దానికి బరువైన గోడ కావాలి.

పాతఇల్లు:

అందరికీ కృతజ్ఞతలు. బీరువా జరిపాను, ప్లాస్టిక్ షీటు కూడా అంటించాను. ఈ ఉదయానికి తడి గది వైపే పట్టింది.

ఇంకొక్క సందేహం. కాంట్రాక్టరు మా ఎదురుగానే ఒక రేకు ముక్కకు పూత పూసి, వెనక నుంచి మంట పెట్టి, ముందువైపు నా అరచెయ్యి ఆనించమన్నారు. నిజంగానే కాలలేదు. మరి దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? నిప్పు అంటుకోదనడానికీ అదే రుజువన్నారు.

ఉష్ణలెక్క:

మీ అరచెయ్యి చెప్పింది నిజమే, కానీ అది వేరే ప్రశ్నకు జవాబు. కార్క్ తనలో ఉన్న కొద్దిపాటి వేడిని చేతికి చాలా నెమ్మదిగా ఇస్తుంది, అందుకే ముట్టుకుంటే కాలదు. ఆ గుణం వల్లే చలికాలంలో కార్క్ గోడ సిమెంటు గోడంత చల్లగా తగలదు. అది కూడా ఒక సుఖమే. కానీ గోడ మీద ఎండ గంటల తరబడి ఉంటుంది. అంతసేపట్లో దాటే వేడిని నిర్ణయించేది మందమూ ఉష్ణవాహకతా. నిప్పు విషయానికి వస్తే, కార్క్ త్వరగా అంటుకోదు, పైన బొగ్గుగా మారుతూ నెమ్మదిగా కాలుతుంది. మీ గోడకెక్కేది కార్క్ ఒక్కటే కాదు, రెసిన్ కూడా. ఆ మిశ్రమాన్నే పరీక్షించి ఇచ్చిన అగ్ని ధ్రువపత్రం, ఉష్ణవాహకత పత్రం రెండూ చూపించమనండి.

నా అభిప్రాయం అడిగితే ఇదీ. స్ప్రే కార్క్ ధరను మంచి ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫ్ రంగుల ధరతో పోల్చండి. వాటికన్నా కొంచెం ఎక్కువైనా, నెర్రెలు కప్పి వాన ఆపే పూతగా అది తగిన ధరే. ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) పేరు చెప్పి దాని మీద కలిపిన మొత్తాన్ని మాత్రం ఇవ్వకండి. ఆ డబ్బును పైకప్పు మీద, కిటికీ సందుల మీద పెడితే ఇల్లంతా తేడా తెలుస్తుంది. అమ్మగారి గదిలో లోపలి వైపు 25 మిల్లీమీటర్ల కార్క్ పలకను సందు లేకుండా పూర్తిగా జిగురు పట్టించి అతికిస్తే, నేను చెప్పిన ఆ మూల 15 డిగ్రీల పైకి వెళ్లగలదు. ఒక్క గదే కాబట్టి ఖర్చు అదుపులో ఉంటుంది.

గోడపని:

ఒక మాట కలుపుతాను. బయటి గోడలకు ఎప్పటికైనా 50 మిల్లీమీటర్ల పలకలు అతికించే ఆలోచన ఉంటే అది ఇప్పుడే తేల్చుకోండి. పరంజా ఖర్చు ఎలాగూ పడుతోంది, స్ప్రే కార్క్ కొట్టాక పలకలు అతికించాలంటే ఆ పూత మళ్లీ గీకాలి. కిటికీల కింది అంచులు, చూరు గోడ నుంచి ఎంత ముందుకు వచ్చాయో టేపు పెట్టి కొలవండి. పలక, దాని మీద ప్లాస్టరింగ్ పోను ఇంకా రెండు వేళ్ల వెడల్పు మిగలాలి. మిగలకపోతే కిటికీ మీద పడిన వాన నేరుగా పలక వెనక్కి దిగుతుంది, ముందు ఆ అంచులు పొడిగించాలి. ఆ కొలతలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.