సారా ఉద్యమం ఆడవాళ్లదా, వాళ్లను ముందు నిలబెట్టినవాళ్లదా?

పెన్నాతీరం: 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తమంతట తామే సారా కొట్టు మూయించారని అందరూ రాస్తారు. వాళ్లకు చదువు నేర్పే రాత్రి బడులు పెట్టింది ప్రభుత్వం. ఆ బడుల వాచకంలో సారాకు వ్యతిరేకంగా పాఠం పెట్టించింది అధికారులు. ఆ పాఠం లేకపోతే ఉద్యమం ఉండేదా?

కావలి వాసి: పాఠం చదివి ఇంటికెళ్లి పడుకోవచ్చు కదా అన్నా? మా అమ్మ కొట్టులోంచి ప్యాకెట్లు లాగి రోడ్డు మీద వేసి కాళ్లతో తొక్కింది. ఆ వాసన పోవాలని ఇంటికొచ్చి బిందెలకు బిందెలు నీళ్లు పోసుకుంది. కంట్రాక్టర్ మనుషులు ఇంటి ముందుకొచ్చి బూతులు తిట్టిపోయారు. అప్పుడు ఏ అధికారి వచ్చాడు?

పెన్నాతీరం: నేనడిగింది పాఠం గురించి. దానికి జవాబు చెప్పు.

రాయలసీమ బిడ్డ: చిత్తూరు, కర్నూలు దాకా పాకింది. అంతా పాఠం మహిమేనా?

కావలి వాసి: నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా వేయించింది ఆడవాళ్లు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. పాఠం ఎవరు రాస్తే ఏంటి?

పాత నెల్లూరు: ఒక్కటి మర్చిపోవద్దు. వారుణి వాహిని అనే సర్కారీ సారా పథకంతో ప్యాకెట్లు ఊరూరా చేర్చింది ఎన్టీఆర్ ప్రభుత్వం. 1994లో మద్య నిషేధం హామీతో గెలిచిందీ ఆయనే.

పెన్నాతీరం: అదే నా బాధ! మా అమ్మా వెళ్లింది. స్టేషన్లో పొద్దుపోయేదాకా కూర్చోబెట్టారు. ఎన్నికలప్పుడు 'అమ్మా' అంటూ గడప తొక్కినవాళ్లు 1997లో నిషేధం ఎత్తేశాక ఒక్కరూ రాలేదు. మా నాన్న మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి బ్రాందీ. ఆమెను వాడుకున్నారు.

కావలి వాసి: ఇది మొదట్లోనే చెప్పి ఉంటే పాఠం గొడవే ఉండేది కాదు. తర్వాత మోసం చేసినవాళ్లు వేరే. వాళ్ల మీద కోపంతో అమ్మ చేసిన పనిని ఇంకొకరి ఖాతాలో వేస్తావా? ఎవరో ఆడిస్తే ఆడే మనిషైతే స్టేషన్లో అంతసేపు కూర్చునేదా?

పెన్నాతీరం: ధైర్యం ఆమెదే, కాదనను. గెలుపు ఆమెది కాదు. గెలిచి ఉంటే మా ఇల్లు అలా అయ్యేది కాదు.

కావలి వాసి: ఆ కొట్టు మళ్లీ తెరుచుకోలేదు. నా లెక్కలో అది గెలుపే.