కామెట్ చేప పగలంతా రాయి కిందే, తిండి ముట్టట్లేదు, ఏం చెయ్యాలి?

నానోట్యాంక్_హైద్:
అందరికీ నమస్తే. ఈమధ్యే కామెట్ అనే ఉప్పునీటి చేప తెచ్చా, కొందరు మెరైన్ బెట్టా అంటారే అదే, నల్లటి ఒంటినిండా తెల్ల చుక్కలు. ట్యాంక్ 75 గ్యాలన్లు, సాలినిటీ (నీళ్ళలో ఉప్పు) 1.025, టెంపరేచర్ 26 డిగ్రీలు. లైట్ ఉన్నంతసేపు కనపడదు, పెల్లెట్స్ వేస్తే పట్టించుకోదు. ఇవాళ గ్లాస్ తుడుస్తుంటే తల రాళ్ళ సందులోకి దూర్చేసి తోక మాత్రం బయటపెట్టి కదలకుండా ఉండిపోయింది. ఇరుక్కుందా, రోగమా? రాయి లేపమంటారా?

రీఫ్‌పిచ్చోడు:
రాయి లేపకు బ్రో!! నీ చెయ్యి చూసి భయపడింది, అంతే. దాని అసలు విద్యే అది. వీపు రెక్క చివర, తోక దగ్గర, రింగు వేసినట్టు కన్నులాంటి మచ్చ ఉంటుంది చూడు. తల దాచేసి ఆ వెనకభాగం బయటపెడితే వైట్‌మౌత్ మోరే ఈల్ (పాములాంటి వేటచేప) కన్నంలోంచి తల బయటపెట్టినట్టే ఉంటుంది, దానికీ ఇలాగే నల్లటి ఒంటిమీద తెల్ల చుక్కలు, కామెట్ తోక దగ్గర రెక్కల మధ్య ఖాళీ ఉందే అది ఆ మోరే నోరన్నమాట. తినడానికొచ్చిన పెద్ద చేప మోరే అనుకుని వెనక్కి పోవాలి. 1977లో మెకాస్కర్ అనే ఆయన 'సైన్స్' అనే పత్రికలో దీనిమీద పేపర్ రాశాడు.

వైజాగ్_అల:
వినడానికి బాగానే ఉందిగానీ ట్యాంకులో ఎవరూ మోసపోరండి. మా మరూన్ క్లౌన్ ఫిష్ పోయి ఆ తోకే కొరికింది, రెండుసార్లు.

రీఫ్‌పిచ్చోడు:
క్లౌన్ దాన్ని తినడానికి రాలేదు కదా అన్నా, తన చోటు కోసం కొట్లాడింది. ఈ వేషం మోరేకి భయపడే వేటచేపల కోసం. మరూన్ క్లౌన్‌కి ఎవరన్నా లెక్కేంటి 😄

చేపలమ్మ_డాలస్:
మా ఇంట్లో ఒకటి చాన్నాళ్ళుగా ఉంది కాబట్టి చెప్తున్నా. ఇది రాత్రిపూట తిరిగే చేప, పగలు కనపడట్లేదని కంగారు పడితే మీకే నిద్రుండదు. లైట్లు ఆపేశాక, మిగతా చేపలు సద్దుమణిగాక, కరిగించిన మైసిస్‌ని (ఫ్రీజ్ చేసి అమ్మే చిట్టి రొయ్యల్లాంటి మేత) పొడుగాటి ట్యూబ్‌తో దాని కన్నం ముందు మెల్లగా వదలండి, పంప్ కాసేపు ఆపి. అప్పటికీ తినకపోతే బతికున్న చిన్న రొయ్యలు వెయ్యండి, కదిలేదాన్ని చూస్తే దానికి ఆశ పుడుతుంది. అది వేటాడేటప్పుడు చూడాలండీ, రెక్కలన్నీ విప్పుకుని పక్కకి తిరిగి తోక వంచి అసలు ఏమీ పట్టనట్టు జరుగుతూ జరుగుతూ వచ్చి ఒక్కసారి గుటుక్కుమనిపిస్తుంది. ఇంత నిదానం కాబట్టే తిండికి ఎగబడే ట్రిగ్గర్ ఫిష్ లాంటి వాటితో పెట్టకూడదు, దీనిదాకా ఏదీ రానివ్వవు.

నానోట్యాంక్_హైద్:
థాంక్యూ అక్కా. ట్యాంకులో క్లీనర్ ష్రింప్, రెండు చిన్న నియాన్ గోబీలు ఉన్నాయి, పర్లేదా? ఇక్కడ బతికున్న రొయ్యలు దొరకడం కష్టం.

చేపలమ్మ_డాలస్:
కోరల్స్‌ని ముట్టదు. గోబీల మీద మాత్రం ఆశ వదులుకోండి, నోట్లో పట్టేది ఏదైనా దానికి తిండే. ష్రింప్ పెద్దదైతే బతకొచ్చు, గ్యారంటీ ఇవ్వలేను. కామెట్ 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది మరి.

వైజాగ్_అల:
రొయ్యలు లేకపోతే మోలీ అనే చిన్నచేపల పిల్లలు. ఏ అక్వేరియం షాపులోనైనా దొరుకుతాయి, కొన్ని గంటలపాటు కొంచెం కొంచెంగా ఉప్పునీళ్ళు కలుపుతూ పోతే అలవాటు పడిపోతాయి. రోజూ అవే పెట్టకండి, తినడం మొదలుపెట్టాక మైసిస్‌కి మార్చెయ్యండి. ఇంకోటి, ఈ చేపకి వైట్ స్పాట్ (ఒంటిమీద తెల్ల చుక్కలొచ్చే జబ్బు) అంత తొందరగా రాదంటారు, అలాగని క్వారంటైన్ (కొత్త చేపని ముందు వేరే ట్యాంకులో ఉంచడం) ఎగ్గొట్టొద్దు.

నానోట్యాంక్_హైద్:
అప్‌డేట్: నిన్న రాత్రి లైట్లాపి ఎర్ర టార్చ్ వేసుకుని కూర్చున్నా, మైసిస్ మూడో నాలుగో తినేసింది!! గోబీల్ని ఫ్రెండ్ ట్యాంకుకి పంపించేస్తున్నా. అన్నట్టు ఎండాకాలం వస్తోంది, ఎవరిదగ్గరైనా ట్యాంక్ నీళ్ళు చల్లబరిచే చిల్లర్ సెకండ్ హ్యాండ్‌ది ఉంటే మెసేజ్ పెట్టండి.