కుతిర మాళికలా మన మండువా లోగిళ్లను కళాకేంద్రాలు చేయాలంటే కొయ్యను ఎలా చూసుకోవాలి? (చర్చ)

పెంకుటిల్లు: తిరువనంతపురంలో పద్మనాభస్వామి గుడి పక్కనున్న కుతిర మాళిక అనే కొయ్య రాజభవనాన్ని 1840లలో తిరువాన్కూరు మహారాజు, వాగ్గేయకారుడు స్వాతి తిరునాళ్ కట్టించారు. చూరు కింద చెక్కిన 122 గుర్రాల వల్ల ఆ పేరు వచ్చింది (మలయాళంలో కుతిర అంటే గుర్రం). ఇప్పుడది మ్యూజియం. ఏటా జనవరిలో స్వాతి సంగీతోత్సవమూ అక్కడే. మన లోగిళ్లను అలా మార్చాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

చేవకర్ర: పైకప్పు దగ్గర. పాలిష్ ఆఖరి పని. పగిలిన పెంకులు మార్చి, వాసాల కొసలు గోడలో దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. సులువుగా దిగితే అక్కడ కుళ్లినట్టే. ఆ కొసల చుట్టూ సిమెంటు మెత్తితే లోపలికెళ్లిన తేమ బయటికి రాదు, రెండు మూడు వానాకాలాల్లో దూలం పోతుంది. సున్నమే వాడాలి.

వెలిగారం: పురుగు ఏదో ముందు తేల్చుకోండి. మట్టి గూళ్లు కడితే చెద, సన్నటి పిండి రాలితే పుచ్చు పురుగు. పుచ్చుకు 10 లీటర్ల వేడినీళ్లలో 600 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 400 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి రెండుసార్లు పూయాలి. టేకు చేవను (మధ్యలోని గట్టి చెక్కను) పురుగు అంతగా ముట్టదు, అంచున ఉండే తెల్లచెక్కనే తింటుంది. మందు అక్కడ బాగా పట్టించండి.

పెంకుటిల్లు: పాత వార్నిష్ మీద పూయొచ్చా అండీ?

వెలిగారం: పూస్తే లోపలికి దిగదు. వార్నిష్ గీకేయాల్సిందే. వాన తగిలే చోట మందు కొట్టుకుపోతుంది కాబట్టి ఇది లోపలి చెక్కకే. చెదకైతే పునాది పక్క మట్టికి వేరే మందు పెట్టాలి.

చేవకర్ర: మందు పూశాక వారమైనా ఆరనిచ్చి, ఉడికించిన అవిసె నూనె, టర్పెంటైన్ సమానంగా కలిపి పట్టించండి. పావుగంటకి మిగులు తుడిచేయాలి, లేకపోతే జిగటగా మిగిలి దుమ్మంతా పడుతుంది. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి! నీళ్లలో ముంచి, బయట విడివిడిగా ఆరేయండి. కొయ్య ఇళ్లలో ఈ ఒక్క జాగ్రత్త ఎంత చెప్పినా తక్కువే.

శ్రుతిపెట్టె: కచేరీల సంగతికొస్తే, కుతిర మాళికలో కళాకారులు వసారాలో, శ్రోతలు ఆరుబయట ముంగిట్లో కూర్చుంటారు. నాకు తెలిసి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు, జనం బరువు మిద్దె మీద పడదు. (స్వాతి తిరునాళ్ తెలుగులోనూ రచించారు, అక్కడ మన భాష కొత్త కాదు.) హాలోజన్ దీపాలు వద్దు, ఎల్‌ఈడీలే పెట్టండి. వైర్లు ఇనుప గొట్టాల్లోంచి లాగండి. స్తంభాలకు మేకులు కొట్టకుండా, ఫెల్ట్ గుడ్డ చుట్టి దీపాలను క్లాంపులతో బిగించండి.