గొంతులో జీర, కంట్లో జీర, వాల్వు ఆంప్లిఫయర్‌లో జీర

సభ్యులందరికీ నమస్కారం. కడప నుంచి రాస్తున్నాను. ‘జీర’ అనే మాట గురించి మీ అందరి అభిప్రాయం కావాలి.

పోయిన ఆదివారం యెర్రముక్కపల్లిలో ఒక మిత్రుడి ఇంట్లో నలుగురం చేరాం. ఆయన అమెరికాలో ఉద్యోగం ముగించుకొని వస్తూ రెండు గిటారు ఆంప్లిఫయర్లు తెచ్చుకున్నారు. రెండూ వాల్వులతో (ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో) పనిచేసేవి, చేత్తో టంకం వేసి కట్టినవి. ఒకటి మ్యాచ్‌లెస్ డీసీ-30. అందులో నాలుగు ఈఎల్84 వాల్వులు ఉంటాయి. రెండోది 1950ల చివరినాటి ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ నమూనా చూసి ఎవరో చిన్న కార్ఖానాలో కట్టినది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అందుకని గోడకూ పెట్టెకూ మధ్య ఇంకో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. ఒకే గిటారుతో, ఒకే వరస వాయిస్తూ మధ్యాహ్నం దాకా రెండింటినీ మార్చి మార్చి విన్నాం.

విన్నది రాసిపెట్టుకుందామని నోటుపుస్తకం తెరిచాను. మొదటి వాక్యం ‘దీని ధ్వని వెచ్చగా ఉంది’ అని రాసి, వెంటనే కొట్టేశాను. వాల్వుల ధ్వనిని ఇంగ్లీషువాళ్లు వెచ్చదనంతో పోలుస్తారు. మంచు కురిసే దేశంలో వెచ్చదనం సుఖం. మన దగ్గర మే నెలలో ఎవరినైనా దీవించాలంటే ‘చల్లగా ఉండు’ అంటాం, ‘నీ కడుపు చల్లగా’ అంటాం. వెచ్చని గొంతు అని మన పెద్దలు ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు. వాళ్ల నోట విన్నది ‘కమ్మని గొంతు’. నెయ్యి కాగేటప్పటి వాసనకూ, బాగా మగ్గిన గొంతుకూ ఒకే మాట వాడిన భాష మనది. ఆ పదం ఉండగా వెచ్చదనాన్ని అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

అసలు చిక్కు దాని తరువాత వచ్చింది. తీగను మెల్లగా మీటితే నాదం శుభ్రంగా ఉంటుంది. కొంచెం గట్టిగా మీటగానే దాని అంచున సన్నని గరుకు పుడుతుంది. వాల్వు మోయగలిగిన హద్దు దగ్గరికి సంకేతం చేరినప్పుడు అలల శిఖరాలు ఒక్కసారిగా తెగిపోకుండా భుజాలు వంచుకున్నట్లు గుండ్రబడతాయి. ఆ వంపులోంచే ఆ గరుకు వస్తుంది. వేళ్ల ఒత్తిడి తగ్గిస్తే మాయమవుతుంది. వాల్వుల ఆంప్లిఫయర్ కోసం మనుషులు ఇంత డబ్బు పోసేది ఎక్కువగా ఈ ఒక్క గుణం కోసమే. ఇంగ్లీషులో దీన్ని విరగడం, పగలడం అనే అర్థంలో చెబుతారు. దాన్ని తెలుగులోకి తెచ్చి ‘ధ్వని పగిలింది’ అంటే మనకు బీటవారిన కుండ గుర్తుకు వస్తుంది, స్పీకరు చెడిపోయిందనుకుంటాం.

బొంగురు సరిపోదు. జలుబు చేసినవాడి గొంతు బొంగురు, అది పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకే తీరుగా ఉంటుంది. గరగర అంటే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. ‘జీర’ తీరు వేరు. మామూలుగా మాట్లాడుతున్న మనిషికి మనసులో ఏదో కదిలినప్పుడు మాట చివర జీర వస్తుంది, తేరుకోగానే పోతుంది. జీర అంటే గీత, చార అనే అర్థం కూడా ఉంది కదా. కళ్లలో ఎర్రజీరలు అంటాం. తెల్లని కంట్లో సన్నని ఎర్రగీత ఎలా కనిపిస్తుందో, శుభ్రమైన నాదంలో ఆ గరుకు అలా వినిపిస్తుంది. రెండు అర్థాలూ ఒకే చోట కలిసే సందర్భం నాకు ఇన్నాళ్లకు దొరికింది.

ఒక మాట ఎందుకింత ముఖ్యమని అడిగేవారికి: సర్క్యూట్ పేరు చెప్పినంత మాత్రాన ధ్వని చెప్పినట్లు కాదు. 1962లో లండన్ పడమటి వైపు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ దుకాణం నుంచి వచ్చిన జేటీఎం45 ఆంప్లిఫయర్ దాదాపు ఆ బాస్‌మన్ సర్క్యూటే. మొదటి వాల్వు మారింది, ట్రాన్స్‌ఫార్మర్లు మారాయి, నాలుగు 10 అంగుళాల స్పీకర్లకు బదులు మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాలవి వచ్చాయి. అంతే, గొంతే మారిపోయింది. ఆ తేడా పట్టుకునేది చెవి, దాన్ని పక్కవాడికి అందించేది మాట.

‘జీర’ సరైనదేనా? మీ అభ్యంతరాలు చెప్పండి.

అనంతపురం నుంచి ఒక సభ్యురాలు (సంగీతం నేర్పుతారు):

అన్నగారూ, మీ వివరణ బాగుంది కానీ నాకు ఒప్పడం లేదు. పాఠానికి వచ్చిన పిల్లల గొంతులో జీర ఉంటే మాకు అది దోషం. మిరియాలు నమలమంటాం, రెండు రోజులు పాడొద్దంటాం. మంచి గుణానికి దోషం పేరు ఎలా పెడతారు? మీరు చెప్పే గరుకు మా తంబురాలో ఎప్పటి నుంచో ఉంది. తీగలు ఆనే చెక్క మీద, ఒక్కో తీగ కింద నూలుపోగు జరుపుతాం. సరైన చోటికి చేరగానే నాదం విచ్చుకుంటుంది. ఆ పోగును ‘జీవా’ అంటారు. ప్రాణం పోసేది కాబట్టి ఆ పేరు. మీ వాల్వులకు కూడా ‘జీవం’ అనండి, సరిపోతుంది.

కర్నూలు నుంచి ఒక సభ్యుడు (ఎలక్ట్రానిక్స్ బోధించి విరమించారు):

లోపల జరిగేది చెబితే మాట ఎంచుకోవడం తేలికవుతుంది. అల వంగినప్పుడు మూలస్వరం కంపనవేగానికి రెండింతలు, మూడింతలు, అలా పైస్వరాలు కొత్తగా పుడతాయి. మూలం షడ్జమం (స) అనుకుంటే రెండింతలది పై షడ్జమం, మూడింతలది ఆ పైని పంచమం (ప), అయిదింతలది ఇంకా పైన అంతర గాంధారం (గ). ఏడింతలది కైశికి నిషాదానికి (ని) కాస్త కిందుగా పడుతుంది. కాబట్టి మొదట పుట్టే గరుకు శ్రుతిలోనే ఉంటుంది, అందుకే చెవికి ఇంపు.

రెండు స్వరాలు కలిపి మీటితే కథ మారుతుంది. వాటి మొత్తాలూ తేడాలూ కూడా ధ్వనులై పుడతాయి. షడ్జమ పంచమాల నిష్పత్తి 2:3. తేడా 1, అంటే కింది షడ్జమం. అందుకే ఆ జంట ఎంత గట్టిగా మీటినా బలంగానే నిలబడుతుంది. దానికి గాంధారం చేర్చి చూడండి. గిటారు మెట్ల మీది గాంధారం సహజ గాంధారానికి సరిగ్గా సరిపోదు, తేడాలు శ్రుతి తప్పి పడతాయి, నాదం రొద అవుతుంది. రొదకు మాత్రం మనకు ఇంకో మాట వెతకనక్కర్లేదు.

ఇంకో సంగతి. ఇంగ్లండులో వాల్వు అన్నారు, అమెరికాలో ట్యూబు అన్నారు. మన పెద్దలు ఆకాశవాణి విన్నది వాల్వు రేడియోలలో. కడప సభ్యుడు వాల్వు అని రాయడం నాకు సంతోషం. ట్యూబు అంటే మనకు సైకిలూ, ట్యూబులైటూ గుర్తుకు వస్తాయి.

కడప నుంచి ఒక సభ్యుడు (చర్చిలో గిటారు వాయిస్తాడు):

అన్నా, గట్టిగా మీటగానే ధ్వని ఒక్క క్షణం అణిగి మళ్లీ లేస్తుంది కదా, దానికి ఏమంటారు? ఆ రోజు నేనూ విన్నాను. ఆ అణిగి లేవడమే నాకు బాగా నచ్చింది.

మొదట రాసిన నేనే:

తమ్ముడూ, దానికి ‘కుంగి లేవడం’ అంటాను. ఆ రెండు పెట్టెల్లోనూ ఏసీ కరెంటును డీసీగా మార్చే పని కూడా వాల్వుదే. ఒక్కసారిగా ఎక్కువ శక్తి అడిగితే దాని వోల్టేజి కాస్త పడిపోయి, తిరిగి కోలుకుంటుంది. నులకమంచం మీద కూర్చుంటే కుంగుతుంది, కాస్త జరిగితే లేస్తుంది, అచ్చం అలాగే. ఆ పనికి డయోడ్లు పెట్టిన పెట్టెలు బల్ల మీద కూర్చున్నట్లు ఉంటాయి. వాటిలోనూ మంచివి ఉన్నాయి, కానీ ఆ ఒదుగు తక్కువ.

అమ్మా, మీ అభ్యంతరం నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. తంబురా జీవా ఎప్పుడూ ఉండేది. పోగు ఒకసారి కుదిరాక మెల్లగా మీటినా, గట్టిగా మీటినా ఆ మెరుపు అలాగే ఉంటుంది. నేను పేరు వెతికేది వచ్చి పోయేదానికి, వేలి ఒత్తిడిని బట్టి పుట్టేదానికి. అయితే మీ మాట వృథా పోలేదు. డీసీ-30లో మెల్లగా వాయించినప్పుడు కూడా పైస్థాయిలో మువ్వలు ఘల్లుమన్నట్లు ఒక మెరుపు ఉంది. దానికి ‘జీవా’ అచ్చంగా కుదురుతుంది, మీ అనుమతితో తీసుకుంటున్నాను. దోషమనే మాటకు మాత్రం నేను ఒప్పుకోను. కచేరీలో గాయకుడి గొంతుకు జీర దోషమే కావచ్చు. కానీ బిడ్డను అత్తవారింటికి పంపుతూ తల్లి చెప్పే జాగ్రత్తల్లో వినిపించే జీరను ఎవరూ దోషమనరు. గిటారువాద్యం కోరుకునేది ఆ రెండో జీరనే.

మాస్టారూ, 2:3 లెక్క నాకు కొత్త. నిన్న మళ్లీ వెళ్లి గాంధారం కలిపి, తీసేసి విన్నాను. తీసేయగానే కింది షడ్జమం నేల లోంచి లేచినట్లు వినిపించింది. కొట్టేసిన వాక్యం దగ్గర నోటుపుస్తకంలో ఇప్పుడిలా రాసుకున్నాను:

‘బాస్‌మన్ తీరుది: కమ్మని గొంతు, కింది స్వరాల్లో కంచు. గట్టిగా మీటితే కుంగి లేస్తుంది, జీర ఆలస్యంగా వస్తుంది, వస్తే చిక్కగా వస్తుంది. డీసీ-30: జీవా ఎక్కువ. జీర తొందరగా, సన్నగా, అంచున మాత్రమే. షడ్జమ పంచమాలకు రెండూ హాయి. గాంధారం కలిపితే బాస్‌మన్ తీరుది ముందుగా రొదలో పడింది.’