ఫ్రాంచైజీ దుకాణంలో స్థానిక వంటకం అమ్మడానికి కంపెనీని ఒప్పించడం ఎలా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):
ఒక టిఫిన్ల బ్రాండ్ ఫ్రాంచైజీ నడుపుతున్నాను. బీచ్‌రోడ్డులో నడక ముగించుకుని వచ్చేవారు రాగి జావ అడుగుతుండడంతో కొన్నాళ్లు స్టీలు క్యానులో పెట్టి అమ్మగా, రోజూ ఎనిమిదింటికల్లా ఖాళీ అయ్యేది. మెనూలో లేనిది అమ్మడం ఒప్పంద ఉల్లంఘన అంటూ ఏరియా మేనేజరు నోటీసు పంపారు. పెట్టుబడి, అద్దె నావే అయినప్పుడు సంబంధం చెడకుండా దీన్ని ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1 (గతంలో ఒక కంపెనీ తరఫున ఫ్రాంచైజీలు చూసినవారు):
నోటీసు ఇవ్వడంలో వారి తప్పు లేదండీ. మీ జావ తాగి ఒకరికి కడుపునొప్పి వస్తే, బోర్డు మీది పేరు ఒకటే కనుక గాజువాక దుకాణానికీ గిరాకీ పడిపోతుంది. అయినా దుకాణదారుల ఆలోచనలు కంపెనీలకు కలిసొచ్చిన సందర్భాలున్నాయి. మెక్‌డొనాల్డ్స్ చేప శాండ్‌విచ్‌ను 1962లో రూపొందించినది సిన్సినాటి ఫ్రాంచైజీదారు లూ గ్రోయెన్. చుట్టుపక్కల క్యాథలిక్కులు శుక్రవారాల్లో మాంసం ముట్టకపోవడంతో ఆయన అమ్మకాలు దెబ్బతినేవి. అధినేత రే క్రాక్ అనాస ముక్కతో చేయించిన బర్గర్‌ను పోటీకి దించగా, అమ్మకాల్లో చేపే నెగ్గింది. మీరూ అమ్మకాల లెక్క చూపి, మూడు నెలల ప్రయోగానికి రాతపూర్వక అనుమతి అడగండి. ప్రయోగం ఫలిస్తే తయారీ విధానం ఎవరి సొత్తో ముందే తేల్చుకోండి. చాలా ఒప్పందాల్లో అది కంపెనీకే చెందుతుంది.

జవాబు 2 (న్యాయవాది):
మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు కనుక మీ హక్కులు ప్రధానంగా ఒప్పందంలోనే ఉంటాయి. వ్యాపారాన్ని నిరోధించే షరతులు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతున్నప్పటికీ, ఫ్రాంచైజీ గడువు నడుస్తున్నంతకాలం పోటీ సరుకు జోలికి పోరాదనే షరతు దానికి విరుద్ధం కాదని గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా వివాదంలో సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. ‘నా దుకాణం, నా ఇష్టం’ అనే ధోరణిలో జవాబివ్వకండి.

జవాబు 3 (మధురవాడ):
జావ చిన్న విషయం, అసలు పేచీ రాయల్టీ (బ్రాండు పేరు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే వాటా) దగ్గరే. వారికి ఆదాయం అమ్మకాల మీద, మనకు మిగులు మీద. రాయల్టీ 6 శాతమైతే వంద రూపాయల అమ్మకంపై ఆరు రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. 5 శాతం పన్ను కట్టే హోటళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు కనుక అదీ మన నెత్తినే. ఆపైన యాప్‌లో డిస్కౌంటు పెడితే అమ్మకం వారికి, నష్టం మనకు. ఆ భారం ఎవరిదో కూడా అడగండి.

ప్రశ్న వేసినవారు:
అంతవరకు జావ ఆపి, లెక్కలు జతచేసి లేఖ రాస్తున్నాను. డిస్కౌంటు సంగతీ అందులోనే పెట్టనా?

జవాబు 1 రాసినవారు:
వేరుగా రాయండి. రెండూ కలిపితే అనుమతి కోరినట్టు కాక బేరానికి దిగినట్టు కనబడుతుంది.