పీజీలో బైబిలు తెరవాలంటేనే భయం, ఏం చేయాలి?

మారతహళ్లి చెల్లి:
వందనాలు. పీజీ హాస్టల్‌లో ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. బైబిలు తీస్తే వెక్కిరింపులు. అమ్మ ఫోన్ చేస్తే చర్చి గురించే గొడవ. విశ్వాసం పోలేదు, ధైర్యమే పోతోంది.

కేఆర్ పురం అన్న:
చెల్లీ, అపొస్తలుల కార్యములు 4:23-31 నెమ్మదిగా చదవండి. బెదిరింపులు రాగానే యేసు శిష్యులు పేతురు, యోహాను నేరుగా తమవాళ్ల దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పారు. తర్వాత రెండో కీర్తన మాటలతో అందరూ ప్రార్థించారు. 29వ వచనంలో అడిగింది బెదిరింపులు ఆగిపోవాలని కాదు, ధైర్యంగా వాక్యం చెప్పగలగాలని. చాలామంది ఆ మొదటి మెట్టు దాటేసి ఒంటరిగా ప్రార్థిస్తూ కుంగిపోతారు. సంఘంలో ఇద్దరు అక్కలకు ఈరోజే చెప్పండి. గదిలో కుదరకపోతే ఆఫీసుకు పావుగంట ముందు వెళ్లి, ఒక కీర్తన చదివి, ఒక్క వచనం చేత్తో రాసుకోండి.

హొరమావు అక్క:
నైట్ షిఫ్టా అమ్మా? నిద్ర లేకపోతే చిన్న భయమూ కొండంత అవుతుంది. 1 రాజులు 19లో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత రెండుసార్లు భోజనమే పెట్టాడు. ప్రశ్నలు ఆ తర్వాతే!

అమ్మతో ఫోన్‌లో వాదించకండి. 1 పేతురు 3:15 జవాబు చెప్పమంటుంది, కానీ సాత్వికంతో. "నీ మీద ప్రేమ తగ్గలేదమ్మా" అని ముందు చెప్పండి. ఇంటికి డబ్బు పంపడం, పండక్కి వెళ్లి పలకరించడం మానకండి. అవి ఆగితేనే "మతం మా పిల్లను లాగేసింది" అనుకుంటారు.

కేఆర్ పురం అన్న:
ఒకటి మరిచాను. కొడతామని ఎవరైనా బెదిరిస్తే మెసేజ్‌లు చెరపకండి, 112కి ఫోన్ చేయండి. గది మారడం పిరికితనం కాదు, ఒక ఊళ్లో హింసిస్తే మరో ఊరికి పారిపొమ్మన్న మత్తయి 10:23 చూడండి.